మా కారులో ఆవాలు చిటపటలాడిన రోజులు

మొన్న ఢిల్లీ సాకేత్‌లో ఒక క్లినిక్‌వాళ్ళు నన్ను గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు బరువైన డిప్పలు తగిలించి, చేతికొక మీట ఇచ్చారు. బీప్ అని వినిపించగానే నొక్కాలట. అద్దానికి అవతల ఒక అమ్మాయి మెషీను ముందు కూర్చుని ఏవో గుండీలు తిప్పుతోంది. నేను చాలా శ్రద్ధగా నొక్కాను. అంతా అయ్యాక ఆ పిల్ల తలుపు తీసుకుని లోపలికి వచ్చి, "ఆంటీ, ఆప్ సున్ నహీ రహీ, మేరా హాథ్ దేఖ్ రహీ హై" అంది. నేను వినడం లేదు, తన చెయ్యి ఎప్పుడు కదులుతుందో చూసి నొక్కుతున్నానని దాని అర్థం. వెళ్ళి కుర్చీ తిప్పి నాకు వీపు పెట్టి కూర్చుంది. రెండోసారి నా మార్కులు సగానికి సగం పడిపోయాయి. అరవై దాటాక కాపీ కొడుతూ దొరికిపోయినందుకు సిగ్గుపడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఈ విద్య మా ఇంట్లో ఉన్నదే. మా నాన్న ఇందులో నాకంటే చాలా గట్టివాడు. రెండేళ్ళపాటు ఒక సర్కారీ ఆఫీసునూ, ఒక భార్యనూ, ఒక కారునూ ఇలాగే నెట్టుకొచ్చాడు. చివరికి ఆయన్ని పట్టించింది కారు.

అప్పట్లో మేము ఆర్.కె. పురంలో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్నది తెనాలి దగ్గర పల్లె. ఢిల్లీ దాకా ఆయన్ని తీసుకొచ్చింది షార్ట్‌హ్యాండు. ఒక మంత్రిత్వశాఖలో స్టెనోగ్రాఫరు. సాహెబు ఎదురుగా కూర్చుని చెబుతూ ఉంటే గీతలూ చుక్కలూ గీసుకొచ్చి, వాటిని ఇంగ్లీషు చేసి టైపు కొట్టడం ఉద్యోగం. షార్ట్‌హ్యాండులో స్పెల్లింగులు ఉండవనీ, చెవిన పడ్డ శబ్దమే గీత అవుతుందనీ మాకు ఎన్నిసార్లు చెప్పాడో. "అందరూ కళ్ళతో చదువుకుని పైకొచ్చారు, నేను చెవులతో వచ్చాను" అనేవాడు. తెల్లవారుతూనే నేను ఖాళీ సీసాలు పట్టుకుని పాల బూత్ దగ్గర క్యూలో నిలబడి వచ్చేసరికి, ఆయన సగం గడ్డానికి సబ్బు నురగతో, ఒళ్ళో నోటుబుక్కుతో, రేడియోలో ఇంగ్లీషు వార్తలను షార్ట్‌హ్యాండులో రాసుకుంటూ ఉండేవాడు. అది ఆయన సంధ్యావందనం. చలికాలమైతే మెట్ల మీద అంగీఠీ కుంపట్ల బొగ్గుపొగ, పైవాళ్ళ ఉల్లిపాయల తడ్కా, మా అమ్మ ఇంగువ పోపు మూడూ కలిసిపోయి ఒక వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది, అది వేరే ఎక్కడా దొరకలేదు.

నాకు పదమూడు దాటాక ఇంట్లో రెండు మార్పులు వచ్చాయి. రేడియో గొంతు పెరిగింది, నాన్న మాటలు తగ్గాయి. అమ్మ వంటింట్లోంచి ఏదైనా అంటే పలికేవాడు కాదు. ఎదురుగా వచ్చి నిలబడి అడిగితే మాత్రం ఎంతో మర్యాదగా జవాబు చెప్పేవాడు. మొదట్లో అమ్మ గొంతు పెంచి చూసింది. తరవాత అలిగి చూసింది. తరవాత మానేసింది. ఊరినుంచి వచ్చిన ఉత్తరాల సంగతులూ, పక్కింటి కబుర్లూ అన్నీ నాతోనో, చేటలోని కందిపప్పుతోనో చెప్పుకునేది. "రోజంతా పెద్ద పెద్దవాళ్ళ ఇంగ్లీషు విని వచ్చిన మనిషికి మన మాటలేం ఎక్కుతాయిలే సుశీ" అనేది నాతో. నవ్వుతూనే అనేది. కానీ ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళకు మొగుడికి తనంటే విసుగు పుట్టిందని ఆవిడ తీర్మానించుకుంది. ఆ సంగతి ఎవరితో అనుకున్నా పరువు తక్కువ కనుక మింగేసింది. నాన్నకు విసుగు లేదు. చెవులు లేవు, అంతే. అది మాకెవరికీ తెలియదు.

ఇలా ఉండగా మా ఇంటికి కారు వచ్చింది. మా బ్లాకు మొత్తంలో స్కూటర్లు అయిదో ఆరో ఉండేవి, కారనేది లేదు. నాన్న సాహెబుకు విదేశంలో పోస్టింగు రావడంతో, ఎవరూ కొనడానికి ముందుకు రాని తన ముసలి కారును నాన్నకు కట్టబెట్టి, అభిమానంతో ఇస్తున్నానని చెప్పి విమానమెక్కాడు. దేశంలో అప్పుడు దొరికేవే రెండు మూడు రకాల కార్లు. మాది ఏ రకమో చెబితే మిగతా రకాలవాళ్ళు నవ్వుతారు కనుక చెప్పను. ఇంట్లో ఫ్రిజ్ లేదు, టీవీ లేదు, కింద మాత్రం కారు. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి హారతిచ్చింది. పైఅంతస్తులో ఉండే సుబ్రహ్మణ్యం అంకుల్ సెక్షన్ ఆఫీసరు, మా నాన్నకంటే హోదాలో రెండు మెట్లు పైన. ఆయన బస్సుకు పరుగెత్తుతూ ప్రతిరోజూ ఆ కారును ఒకసారి తేరిపార చూసి, "బావుందోయ్, పాతదైనా బావుంది" అనేవాడు.

చప్పుడు మూడో నెలలో మొదలైంది. ధౌలాకువా వైపు నుంచి గుట్ట మీదుగా పోయే రిడ్జ్ రోడ్డు ఎక్కుతున్నాం. ముందు సీట్లో అమ్మ, వెనక నేను.

"ఏవండీ, ఏదో చప్పుడవుతోంది" అంది అమ్మ.

నాన్న పలకలేదు. అమ్మ ఆయన భుజం తట్టింది. "చప్పుడండీ, చప్పుడు!"

నాన్న ఆవిడ మొహంలోకి చూశాడు. "ఏం చప్పుడు? ఏమీ లేదే."

"ఇంతకాలం నా మాటే అనుకున్నాను, ఇప్పుడు నా చెవులు కూడా నమ్మరన్నమాట" అని అమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. అప్పుడు నేనూ విన్నాను. సన్నగా, గలగలమంటూ, ఇంజనులో ఎక్కడో. విన్నానని చెప్పాను. ఇద్దరు ఒకటైతే ఒకడు కాదనలేడు. ప్రభుత్వం ఏం చేస్తుందో నాన్నా అదే చేశాడు. ఫైలు తెరిచాడు.

నవ్వులాటకు అనడం లేదు. అట్ట ఫైలు, ఎర్ర టేపు, పైన ఇంగ్లీషులో "విషయం: వాహనంలో శబ్దం" అని టైపు కొట్టిన కాగితం. శబ్దం ఎక్కడ, ఎప్పుడు, ఎటువంటిది, ఎంతసేపు అని నాలుగు ప్రశ్నలు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు తిని ముగ్గురం చప్పుడు వెతకడానికి బయలుదేరేవాళ్ళం. మిగతా తెలుగువాళ్ళు ఇండియా గేటుకు పోయేవారు, మేము రిడ్జ్ ఎత్తు దగ్గరకు. చప్పుడు రాగానే అమ్మ ఆయన చెయ్యి తట్టాలి. ఆయన కారు పక్కకు ఆపి, నోటుబుక్కు తీసి, అమ్మ వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, "ఊఁ, చెప్పు రాజ్యం, నెమ్మదిగా చెప్పు" అనేవాడు.

అమ్మ చెప్పేది. "పోపు గరిటెలో నూనె బాగా కాగాక ఆవాలు వేస్తామా, వెయ్యగానే చిటపటలాడతాయా, అలా. మెంతుల్లా కాదు. మెంతులు అంత చప్పుడు చెయ్యవు. ఆవాలే."

"ఎప్పుడు?"

"మీరు కాలు నొక్కినప్పుడు. అదీ ఎత్తు ఎక్కేటప్పుడే. కాలు తీసేస్తే మూత పెట్టినట్టు ఆగిపోతుంది. చిన్న గేరులో లేదు, పెద్ద గేరులోనే."

నాన్న ఆవిడ పెదవుల మీంచి చూపు తిప్పకుండా చకచకా గీసేవాడు. ఒక్క మాట పోనిచ్చేవాడు కాదు. వంటింట్లోంచి పిలిస్తే పలకని మనిషి, సాహెబు మాటలు రాసుకునే పుస్తకంలో తన మాటలు రాసుకుంటున్నాడు! అమ్మ రానురాను చప్పుడు గురించి చెప్పేది చెప్పి, ఆ ఊపులో మిగతావి కూడా చెప్పేసేది. తన తమ్ముడికి సంబంధం చూస్తున్న సంగతి, బియ్యంలో రాళ్ళ సంగతి, పైవాళ్ళ కుళాయి సంగతి. ఆయన అవీ రాసుకునేవాడు. ఆ ఆదివారాల్లో అమ్మ మొహం ఎంత కళగా ఉండేదో నేను మాటల్లో చెప్పలేను. ఆవిడ ఉతికిన చీరె మాని ఇస్త్రీ చీరె కట్టుకుని చప్పుడు వెతకడానికి వచ్చేది. దేవుడా, ఈ చప్పుడు ఇలాగే ఉండనీ అని నేను మనసులో మొక్కుకున్న రోజులున్నాయి.

నాన్న ఒకటి రెండుసార్లు ఆ శబ్దాన్నే షార్ట్‌హ్యాండులో గీయడానికి ప్రయత్నించాడు. అమ్మను చిటపట అని అనిపించి, ఆ పెదవులు చూసి ఒక గీత గీసి, "ఇలా ఉంటుందన్నమాట" అని చాలాసేపు దాని వంక చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఏం చూస్తున్నాడో నాకప్పుడు అర్థం కాలేదు.

ఫైలు సలహా కోసం సుబ్రహ్మణ్యం అంకుల్ దగ్గరకు వెళ్ళింది. ఆయన మాతో వచ్చి, చెవి డాష్‌బోర్డుకు ఆనించి, చప్పుడు విని, అది డిక్కీలో జాకీ కొట్టుకుంటున్న చప్పుడని తేల్చాడు. ఇంజను ముందుంటే చప్పుడు వెనక నుంచి ఎలా వస్తుందని అమ్మ అడిగితే, "ఆడవాళ్ళకి ఇవి తెలియవమ్మా" అన్నాడు. నాన్న డిక్కీ మొత్తం ఖాళీ చేసి, జాకీని అమ్మ పాత చీరెలో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి పడుకోబెట్టాడు. చప్పుడు పోలేదు. తరవాతి ఆదివారం స్టెప్నీ చక్రాన్ని కూడా గోనెసంచిలో కట్టాడు. చప్పుడు పోలేదు సరికదా, పెరిగింది. అంకుల్ ఫైలు మీద "చూడబడినది" అని సంతకం పెట్టి తిరిగి పంపించేశాడు.

ఇక మెకానిక్‌ను చూడక తప్పలేదు. మునిర్కా పల్లె అంచున, వేపచెట్టు కింద, కరమ్‌సింగ్ అని ఒక ముసలి సర్దార్జీ ఉండేవాడు. దక్షిణ ఢిల్లీలో ఇంజను చప్పుడు పట్టడంలో ఆయన తరవాతే ఎవరైనా అని పేరు. పెద్ద పెద్దవాళ్ళ కార్లు ఆ చెట్టు కింద వరుసలో నిలబడేవి. నాన్న ఫైలు సారాంశం రెండు పేజీలు టైపు చేసి, కార్బన్ కాపీ తన దగ్గర ఉంచుకుని, అసలు కాగితాలు ఆయన చేతిలో పెట్టాడు. కరమ్‌సింగ్ వాటితో వేళ్ళ గ్రీజు తుడుచుకుని, అందులో ఏం రాసుందని నా వైపు తిరిగి అడిగాడు, "బేటీ, ఇస్‌మే లిఖా క్యా హై?"

నాన్న నన్ను తీసుకెళ్ళింది అనువాదానికని అనుకున్నాను. ఇరవయ్యేళ్ళు ఢిల్లీలో ఉన్న మనిషికి నా హిందీ ఎందుకని నాకు తట్టలేదు. సర్దార్జీ మొహం చూస్తూ, అమ్మ చెప్పిన ఆవాల పోలికే గట్టిగా చెప్పాను. "ఉస్తాద్‌జీ, చడాయీ పర్ ఐసీ ఆవాజ్ ఆతీ హై జైసే రాయీ కా తడ్కా లగా హో. పైర్ ఉఠావో తో బంద్."

కరమ్‌సింగ్ కళ్ళు మెరిశాయి. ఇది ఎవరు చెప్పారన్నాడు. "యే కిస్‌నే బతాయా?"

"మమ్మీ నే."

"తేరీ మమ్మీ పూరీ మెకానిక్ హై! టైమింగ్ ఆగే హై, బస్."

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో చెబుతాను. ఇంజనులో పెట్రోలు అంటుకోవలసిన క్షణం ఒకటి ఉంటుంది. నిప్పురవ్వ ఆ క్షణం కంటే తొందరపడి ముందే పడుతోంది. ఇంకా పైకి వస్తున్న పిస్టనును అది ఎదురు కొడుతోంది. అదే ఆవాల చప్పుడు. ఇలాగే నడిపితే ఏదో ఒకరోజు పిస్టనుకు చిల్లు పడుతుంది. మందు చాలా తేలిక. నిప్పును పంచిపెట్టే నల్లటోపీలాంటి భాగం ఒకటుంది, దాని కింద బోల్టు వదులు చేసి వెంట్రుకవాసి తిప్పి, కారు ఎత్తు మీద నడిపి, చప్పుడు పోయిందో లేదో విని, పోకపోతే ఇంకో వెంట్రుకవాసి తిప్పాలి. నడుపుతూ వినడమే అసలు పని.

మళ్ళీ రిడ్జ్‌కే వెళ్ళాం. "గాడీ ఆప్ చలావో బాబూజీ. కాన్ ఆప్‌కే, హాథ్ మేరే" అన్నాడు కరమ్‌సింగ్. చెవులు మీవి, చేతులు నావి. ఆయన పానాలు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు, నేను వెనక. నాన్న బయలుదేరే ముందు లోపలి అద్దం సర్దుకున్నాడు. అందులో నాకు నాన్న కళ్ళు కనిపించాయంటే ఆయనకు నా మొహం కనిపిస్తోందని, వెనక రోడ్డు కనిపించడం లేదని గ్రహించాను. నన్నొక్కదాన్నే వెనక కూర్చోబెట్టినందుకు కనిపెట్టి చూస్తున్నాడనుకున్నాను.

ఎత్తు మొదలైంది. నాన్న కాలు నొక్కాడు. ఆవాలు.

"బోలో బాబూజీ, హై?" చప్పుడు ఉందా అని.

నాన్న అద్దంలోకి చూశాడు. నేను మొహం చిట్లించాను. "హై" అన్నాడు.

ఆపారు. బానెట్ ఎత్తారు. తిప్పారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎత్తు ఎక్కారు. కొంచెం తగ్గింది. నాన్న అద్దంలోకి చూసి, "థోడా కమ్" అన్నాడు. మళ్ళీ ఆపారు. ఈసారి సర్దార్జీ చెయ్యి కాస్త అటూ ఇటూ అయినట్టుంది. కారు కదలగానే నా హవాయి చెప్పు పట్టీ ఊడిపోతే, దాన్ని కన్నంలోకి నెట్టడానికి నేను సీటు కిందికి వంగాను. ఎత్తు వచ్చింది. ఆవాలు కాదు, ఈసారి మూకుడు మొత్తం పేలుతోంది.

"బోలో బాబూజీ?"

అద్దంలో నేను లేను. చిట్లించిన మొహం కనిపించకపోయేసరికి నాన్న సంతోషంగా అన్నాడు. "ఖతమ్. బిల్కుల్ ఠీక్ హై."

"షాబాష్!" అని కరమ్‌సింగ్ గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నేను చెప్పు చేత్తో పట్టుకుని పైకి లేచాను. ముందున్న ఇద్దరికీ మధ్యలో తల పెట్టి, మునుపటికంటే ఎక్కువైందని అరిచాను. "క్యా ఠీక్ హై? పెహ్‌లే సే భీ జ్యాదా హై!"

నాన్న కారు ఆపేశాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. కరమ్‌సింగ్ నా నోటి వైపు చూస్తూ, నీకు వినిపిస్తోందా అని నెమ్మదిగా అడిగాడు. "తుఝే సునాయీ దేతీ హై?"

"ఆప్‌కో నహీ?" మీకు లేదా అన్నాను.

ఆ పెద్దమనిషి పానాను ఒళ్ళోంచి తీసి కింద పెట్టాడు. ముప్పయ్యేళ్ళు లారీల ఇంజన్ల పక్కన పనిచేశాడట. రెండు చెవులూ ఎప్పుడో పోయాయట. చెయ్యి ఆనించి కొంత, బండి యజమాని మొహం చూసి కొంత, ఇన్నాళ్ళూ నడిపిస్తున్నాడట. "మై తో బాబూజీ కే భరోసే థా, బేటీ" అన్నాడు, తను బాబూజీ చెవుల్నే నమ్ముకున్నానని.

నాన్న స్టీరింగు వైపు చూస్తూ, చాలా చిన్నగా అన్నాడు. "ఔర్ మై బేటీ కే భరోసే థా."

తను నన్ను నమ్ముకున్నానన్న ఆ మాట సర్దార్జీకి వినపడలేదు. నేను మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు అర్థమై ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. తలపాగా కారు కప్పుకు తగిలేలా ఊగిపోతూ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. దక్షిణ ఢిల్లీలో పేరుమోసిన చెవి, ఒక మంత్రిత్వశాఖ జీతమిచ్చి పోషిస్తున్న చెవి, రెండూ కలిసి ఒకదాన్నొకటి నమ్ముకుని ఒక ఇంజన్ను తిప్పుతున్నాయి. నాకూ నవ్వు ఆగలేదు. నాన్న ఒక్కడే నవ్వలేదు. కాసేపటికి సర్దార్జీ తేరుకుని, తన పని చేత్తో కూడా జరుగుతుంది, మీరేం పని చేస్తారు బాబూజీ అని అడిగాడు. నాన్న జవాబు చెప్పాడు. "సాహబ్ బోల్తే హై. మై సున్‌కర్ లిఖ్తా హూఁ." సాహెబు చెబితే విని రాస్తానన్న ఆ మాట పెదవుల మీద చదివాక కరమ్‌సింగ్ ఇంక నవ్వలేదు. నన్ను ముందు సీట్లోకి రమ్మని, తను వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఇంకో రెండుసార్లు ఎత్తెక్కాం. "హై", "నహీ" అని నేను చెప్పడం, ఆయన దిగి తిప్పడం. రెండోసారికి చప్పుడు పూర్తిగా పోయింది. ఒక ఇంజను జబ్బు నా చెవితో నయమైందని గర్వపడాలో, మా నాన్నకు జబ్బుందని తెలిసినందుకు ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను, లోపలే.

సర్దార్జీని చెట్టు దగ్గర దింపాక నాన్న కారును రోడ్డు పక్కకు తీశాడు. నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఎవరికీ చెప్పకు. అమ్మకి అసలే చెప్పకు."

"ఎందుకు? అమ్మ ఏమనుకుంటోందో తెలుసా మీకు? మీరు కావాలని పలకడం లేదనుకుంటోంది."

"అనుకోనీ. వినిపించి కూడా పలకని మొగుడికి ఉద్యోగం ఉంటుంది. వినిపించని మొగుడికి ఉండదు." తన మాటకు తనే కాస్త నవ్వాడు. "అమ్మకి తెలిస్తే మీ మామయ్యకి ఉత్తరం రాస్తుంది. పైన అంకుల్ భార్యతో అంటుంది. సోమవారానికల్లా ఆఫీసులో తెలుస్తుంది. అన్‌ఫిట్ అని ఒక్క కాగితం చాలు. ఈ క్వార్టరు, నీ చదువు, అన్నీ దాని మీదే ఉన్నాయి."

ఆఫీసులో ఎలా నెట్టుకొస్తున్నారని అడిగాను. ఆ మాటకు మాత్రం ఆయన మొహంలో కొంచెం వెలుగొచ్చింది. పెదవులు కనిపిస్తే సగం తెలుస్తుందట. సాహెబు కిటికీ వైపు తిరిగినప్పుడు మాత్రం తనే పూరిస్తాడట. "సర్కారీ ఇంగ్లీషు కదమ్మా. విషయం పరిశీలనలో ఉంది, తగు సమయంలో తెలియజేయబడును. వినాల్సిన అవసరం ఏముంది?" అన్నాడు. కానీ ఇప్పుడున్నాయన కూడా మారి కొత్త సాహెబు రాబోతున్నాడట, గదంతా పచార్లు చేస్తూ చెప్పే రకమట. నేను ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. మా నాన్న నాకంటే చిన్నవాడిలా కనిపించడం అదే మొదలు.

ఇప్పుడు నా చెవుల సంగతి క్లినిక్‌కు వెళ్ళొచ్చిన సాయంత్రానికే మా కుటుంబం ఫోన్ల గ్రూపులో అందరికీ తెలిసిపోయింది. కోడలు చెవి మిషన్ల ఫోటోలు పంపింది, మనవరాలు గులాబీరంగుది బావుందంది. దాచుకోవడానికి ఏమీ లేదు, పోవడానికి ఉద్యోగమూ లేదు. మా అబ్బాయి కారుకైతే వినే మనిషి అక్కర్లేదు. ఏ జబ్బు వచ్చినా అదే ఒక పసుపు దీపం వెలిగించి, ఫోనుకు సందేశం పంపుకుంటుంది. ఇదంతా మేలే. మా నాన్నకు ఈ కాలం దక్కి ఉంటే రెండేళ్ళు అంత భయంతో బతికి ఉండేవాడు కాదు. అయితే ఆ రోజు అద్దంలో నా మొహాన్ని వెతికినంత ఆత్రంగా నా మొహంలోకి మళ్ళీ ఎవరూ చూడలేదు, అదీ నిజమే. నాన్న ఉద్యోగానికి చివరికి ఏమీ కాలేదు. కొత్త సాహెబు దగ్గర ఆరు నెలలు చేసి, తనే అర్జీ పెట్టుకుని డిక్టేషన్ లేని రికార్డుల సెక్షనుకు మారిపోయాడు. తన మనసులోని మాటను ఇంత కచ్చితంగా అందుకునే స్టెనో మళ్ళీ దొరకడని ఆ సాహెబు చాలా బాధపడి, ఆ మాటే కాగితం మీద రాసిచ్చాడట. నాన్న ధైర్యంగా ఆ అర్జీ పెట్టడానికి కారణం మాత్రం, కారు బాగైన తరవాతి ఆదివారం జరిగింది.

ఆ ఆదివారం మలై మందిరానికి బయలుదేరాం. అమ్మ ఇస్త్రీ చీరె కట్టుకుంది. అలవాటుగా నాన్న రిడ్జ్ మీదుగా తిప్పి తీసుకెళ్ళాడు, బాగైన కారును చూపించడానికి. ఎత్తు వచ్చింది. పెద్ద గేరులో, కాలు నొక్కి ఉంచినా, చిన్న చప్పుడు కూడా లేదు. ఆపాల్సిన పని లేదు. నోటుబుక్కు తీయాల్సిన పని లేదు. అమ్మ చెయ్యి ఆయన చేతి మీద తట్టడానికి అన్నట్టు కొంచెం లేచి, మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

కిటికీ వైపు తిరిగి, అటే చూస్తూ అమ్మ మాట్లాడింది. గొంతు చాలా చిన్నది. "ఏవండీ, ఒక్క మాట అడుగుతాను. రెండేళ్ళ నుంచి చూస్తున్నాను. నేనేం తప్పు చేశానో చెబితే దిద్దుకుంటాను. ఈ చప్పుడున్నన్నాళ్ళూ నాతో మాట్లాడారు. ఇప్పుడదీ పోయింది. నేనంటే ఎందుకంత విసుగు వచ్చింది మీకు?"

నాన్న రోడ్డు వైపే చూస్తున్నాడు. ఎంతో తృప్తిగా నవ్వుతూ అన్నాడు. "చూశావా రాజ్యం, ఇప్పుడు అసలు చప్పుడే లేదు."

అమ్మ తల కిందికి వాలిపోయింది. ఆవిడ అడిగిన మాట ఆ కారులో విన్నది నేనొక్కదాన్నే. ఆయన చెప్పిన జవాబు ఆవిడకు ఎలా తగిలిందో చూసిందీ నేనొక్కదాన్నే. ఒట్టు గుర్తుంది. క్వార్టరు గుర్తుంది. నా చదువూ గుర్తుంది. అయినా నోరు ఊరుకోలేదు.

"అమ్మా, నాన్నకి వినపడదు."

"ఏం వినపడదు?"

"నువ్విలా అటు తిరిగి మాట్లాడితే ఏదీ వినపడదు. వంటింట్లోంచి పిలిచినా వినపడదు. రెండేళ్ళ నుంచీ. నీ మీద విసుగు కాదమ్మా. నీ మాట ఆయన దాకా వెళ్ళడం లేదు."

నాన్న అద్దంలో నా పెదవులు చూశాడు. ఏం జరిగిందో తెలిసిపోయింది. కారు నెమ్మదించి, నడిరోడ్డు మీదే ఆగిపోయింది. అమ్మ మొత్తం ఆయన వైపు తిరిగింది. పద్దెనిమిదేళ్ళలో మా ఎదుట ఎన్నడూ ఆయన్ని ముట్టుకోని మనిషి, చెయ్యి చాపి ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. ఒక్కొక్క అక్షరం విడివిడిగా అడిగింది.

"చె-వు-డా?"

నాన్న తల ఊపాడు. తప్పు చేసి దొరికిన కుర్రాడిలా ఊపాడు.

"చెవుడేనా? ఒట్టి చెవుడేనా? నేనంటే విసుగు కాదూ?" అమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది కూడా. మొగుడికి చెవుడని తెలిసి అంత ఆనందించిన ఆడమనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నాన్న ఆవిడ పెదవుల వైపే చూస్తున్నాడు. "మళ్ళీ చెప్పు రాజ్యం" అన్నాడు.

అమ్మ మళ్ళీ చెప్పింది. మాకు వెనక ఒక డి.టి.సి. బస్సు వచ్చి ఆగి, ఆపకుండా హారన్ కొడుతోంది. అంత పెద్ద చప్పుడు మా నాన్నకు వినపడుతుంది. అయినా ఆయన కారు కదపలేదు.